వాసన సగం భోజనం

నాగారం,
ఆషాఢమాసం.

ఒరే ఫణీ,

నీకూ, తేజస్వికీ అక్క ఆశీస్సులు. ఈ ఉత్తరం సిద్దమ్మ చేత పంపిస్తున్నాను. మీ లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఆకుకూరలు తెచ్చి మా అంగట్లో కూర్చుంటుందే, ఆ సిద్దమ్మే. మీ వీధి చివరే ఇల్లని మొన్ననే తెలిసింది. "మీ తమ్ముడు నాకెర్కే గదమ్మా! గా మందు కంపెనీల పని జేస్తడు" అంది, పదిమంది వినేట్టు. నేను తల దించుకుని తోటకూర ఏరుకున్నాను.

ఇన్నాళ్లూ రాయలేదని కష్టపెట్టుకోకు. మా ఇంట్లో వ్రతం నాడు జరిగినదాన్ని మీ బావగారు ఇంకా మింగలేకపోతున్నారు. నువ్వు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చావు. చేతిలో ఉన్న సీసా పిల్లలకు అందకూడదని పూజగది కిటికీలో పెట్టావు. దాని మీద చీటీ లేదు. పిన్ని పంపిన గోదావరి నీళ్ల సీసా కూడా అచ్చం అలాగే ఉంది. ఆయన నీ జిన్నుని కలశంలో పోశారు. పంతులుగారు మామిడాకుతో అందరి నెత్తిమీదా చల్లాక గాని ఎవరికీ తెలియలేదు. ఆఫీసులో ఇప్పటికీ "వీరభద్రంగారూ, మళ్లీ వ్రతం ఎప్పుడండీ? ముందుగా చెబితే ఖాళీ కడుపుతో వస్తాం" అంటున్నారట. నువ్వు కావాలని చేయలేదని ఆయనకూ తెలుసు. తెలిసినా, "వాడితో నువ్వు మాట్లాడడానికి వీల్లేదు" అన్నారు.

నేను మాట్లాడను. "మరి రాస్తే?" అని అడిగాను. పేపరు తిప్పుకుంటూ ఊరుకున్నారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

వేసవిలో నీకు జ్వరం వచ్చిందని విన్నాను. ఇప్పుడు ఎలా ఉంది? ఇంకొకటి. నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు రాయి. తమ్ముడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నా దగ్గర ఒక మంచి మాట ఉండాలి కదా.

మీ అక్క,
అమ్మాజీ


లాల్‌గడి మలక్‌పేట్,
జులై.

అక్కా,

నీ అక్షరాలు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ రోజు సంగతికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. బావగారి కోపం న్యాయమే.

నా పని తాగడం కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను. ఒక్క గుక్క నోట్లో పోసుకుని నాలుక అంతా తిప్పి ఉమ్మేస్తాను. ఏది బాగుంది, ఎందుకు బాగుంది, అడిగిన ధరకు తగిన సరుకేనా అన్నది చెబుతాను. కూరగాయల అంగట్లో నువ్వు వంకాయ తొడిమ చూసి చెప్పినట్టే. మా ఓనరు ధర్మేందర్ గారు దసరా తర్వాత కొత్త సరుకు ఒకటి చేయాలనుకుంటున్నారు. దానికోసం బజారులో దొరికే బర్బన్, రమ్ము, జిన్ను రకాలు తెప్పించి నా ముందు పెట్టారు.

బర్బన్ అంటే అమెరికావాళ్లు మొక్కజొన్నతో చేసే విస్కీ. లోపలివైపు కాల్చిన కొత్త చెక్కపీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. రమ్ము చెరుకు మడ్డితో చేస్తారు. జిన్నులో జునిపర్ అనే చిన్న కాయలు, ధనియాలు, నిమ్మతొక్కలు పడతాయి. ఒక్కొక్కదానిలో రెండేసి తీసుకున్నాను. ఒకటి ఖరీదైనది, ఒకటి చవకది. బర్బన్ రెండూ బంగారం రంగు, ఖరీదైనది కాస్త ముదురు. రమ్ము ఒకటి ఎర్రగా మెరుస్తుంది, ఒకటి కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. జిన్నులు రెండూ నీళ్లలా ఉంటాయి. ఖరీదైన జిన్ను సీసా మాత్రం అత్తరుబుడ్డిలా చాలా అందంగా ఉంది.

జ్వరం తగ్గింది. ఏమీ దిగులు పెట్టుకోకు.

నీ తమ్ముడు,
ఫణిభూషణ్


నాగారం,
శ్రావణమాసం.

ఫణీ,

నీ ఉత్తరం బాగుంది. బాగుందని మడిచి పెట్టాను, మళ్లీ తీశాను. ఏదో తక్కువైంది. కూరలో ఉప్పు తక్కువైతే తిన్నాక తెలుస్తుంది చూడు, అలా.

చిన్నప్పుడు నువ్వు బడి నుంచి వస్తూ వీధి మలుపులో నిలబడి, "అక్కా, ఇవాళ మనింట్లో పనసపొట్టు కూర, పక్కింట్లో చేపల పులుసు, ఎదురింట్లో పాలు పొంగాయి" అని చెప్పేవాడివి. అమ్మ ఏ డబ్బాలో సున్నుండలు దాచినా నీకు మూత తీయకుండానే తెలిసేది. మేనత్త నిన్ను "కుక్కముక్కు వెధవా" అని ముద్దు చేసేది.

ఇప్పుడు పని గురించి ఇంత రాశావు. రంగు రాశావు, సీసా అందం రాశావు. ఆరింటిలో ఒక్కదాని వాసన కూడా రాయలేదు. ఎందుకురా? అక్కకు చెప్పకూడనిది ఏమైనా ఉందా?

అమ్మాజీ


లాల్‌గడి మలక్‌పేట్,
ఆగస్టు.

అక్కా,

నాకు వాసన తెలియడం లేదు.

జ్వరం తగ్గింది కాని, ముక్కు పోయింది. మొదట్లో జలుబు అనుకున్నాను. ఒకరోజు తేజస్వి పాలు స్టౌ మీద పెట్టి చూస్తూ ఉండమని బయటికి వెళ్లింది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతున్నాను. తను వీధిలో నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి స్టౌ ఆపింది. గిన్నె నల్లగా మాడిపోయింది. వంటిల్లంతా పొగ. "పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారండీ!" అని అరిచింది. కథలో పడి మర్చిపోయానని చెప్పాను. తనకు ఇంకా నిజం తెలియదు. డాక్టరు కొన్ని నెలల్లో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

నాలుక బతికే ఉంది. తీపి, చేదు, పులుపు, మంట తెలుస్తాయి. అంతే. అదొక్కటే ఉంటే ఈ కుర్చీలో కూర్చోవడానికి అర్హత లేదు. నాకు వేరే చదువు లేదు, వేరే పని రాదు. ముక్కే నా డిగ్రీ. ధర్మేందర్ గారికి తెలిసిన రోజున ఆ కుర్చీ ఇంకొకరిది.

నాకొక ఆలోచన వచ్చింది. కోప్పడకు. నాది అమ్మ ముక్కు అనేవాళ్లు. నీదీ అదే ముక్కు. సరుకు చిన్న సీసాల్లో పంపిస్తాను. నువ్వు తాగక్కర్లేదు, నాలుక మీద పెట్టక్కర్లేదు. వాసన ఒక్కటి చూసి నీ మాటల్లో రాస్తే చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

ఫణి


నాగారం,
శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం మర్నాడు.

ఫణీ,

నీ ఉత్తరం చదివి పూజగదిలో కూర్చుని ఏడ్చాను. ముందు ఆ సంగతి తేజస్వికి చెప్పు. పక్కన పడుకునే మనిషికి చెప్పుకోలేని కష్టం రెండింతలవుతుంది.

నువ్వు అడిగింది మాత్రం నేను చేయలేను. తాగడం కాదు కదా అంటావు. మా కాలనీ వెంకటేశ్వరస్వామి గుడిలో శనివారం ప్రసాదం నేను వండుతానని నీకు తెలుసు. ఎలా వండుతానో తెలుసా? పైట చెంగు ముక్కుకు అడ్డంగా బిగించుకుని వండుతాను. స్వామికి పెట్టబోయేది రుచి చూడకూడదన్నది అందరికీ తెలిసిందే. వాసన కూడా చూడకూడదు. వాసన చూస్తే సగం తిన్నట్టే, స్వామికి ఎంగిలి పెట్టినట్టే అని అమ్మ నేర్పింది. ఉప్పు చేతి అంచనాతో వేస్తాను. పాకం ఉడికే చప్పుడు మారితే దించుతాను. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టిన అలవాటు.

అలాంటిదాన్ని, సారా వాసన చూస్తే నేనేమైనట్టు? సగం తాగినట్టే కదా.

నాకు నీ మీద కోపం లేదు. నీ ముక్కు కోసం ఈ శుక్రవారం నుంచి దీపం పెడుతున్నాను.

అక్క


లాల్‌గడి మలక్‌పేట్,
ఆగస్టు చివర.

అక్కా,

నువ్వన్నది నిజం. అడగకుండా ఉండాల్సింది. మర్చిపో.

తేజస్వికి చెప్పాను. తను వెంటనే లేచి వెళ్లి గ్యాస్ సిలిండర్ దగ్గర వాల్వు కట్టేసి వచ్చింది. ఇప్పుడు బయటికి వెళ్లినప్పుడల్లా కట్టేసే వెళుతోంది.

నిన్న ధర్మేందర్ గారు గదిలోకి వచ్చారు. "ఏం ఫణి సాబ్, ఎర్ర రమ్ము ఎట్లుంది?" అన్నారు. బాగా మాగిన అరటిపండు వాసన వస్తోందని చెప్పాను. పాత జ్ఞాపకంలోంచి తీసి చెప్పాను. ఆయన గ్లాసు తీసుకుని వాసన చూసి నా మొహం కేసి చూశారు. "అరటిపండా?" అన్నారు. "ఏమోనబ్బా, నాకైతె రాలే. నీ ముక్కే పెద్దది" అని నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వుకి నాకు చెమట పట్టింది.

ఈ పని దసరాకి పూర్తి కావాలి. ఏదో ఒకటి చేస్తాను.

ఫణి


నాగారం,
భాద్రపదమాసం.

ఫణీ,

సీసాలు పంపు.

నిన్న గుడి నుంచి వస్తూ ఉంటే ఆ అరటిపండు మాట గుర్తొచ్చింది. నా తమ్ముడు తెలియని దాన్ని తెలుసని చెప్పి చెమటలు పట్టి నిలబడ్డాడంటే నాకు అన్నం సహించలేదు. దొంగ అరటిపండు చెప్పడం కన్నా నిజమైన వాసన చెప్పడం మేలు.

కాని ఒక్క షరతు. నా ముక్కుతో చూసినదాన్ని నీ ముక్కుదని ఎల్లకాలం చెప్పుకోకూడదు. ఎప్పుడో ఒకరోజు మీ ఓనరుకి నువ్వే చెప్పాలి. ఎప్పుడన్నది నీ ఇష్టానికి వదిలేస్తున్నాను. అంతవరకు నేను నీ వెనక ఉంటాను.

ఎలా చూడాలో రాయి. నాకు చేపల బజారు పక్కనుంచి ముక్కు మూసుకుని నడవడం తప్ప ఇంకేం రాదు.

అక్క


లాల్‌గడి మలక్‌పేట్,
సెప్టెంబరు.

అక్కా,

నీకు ఏమని దండం పెట్టాలి!

సీసాల మీద చీటీలు ఈసారి గట్టిగా అతికించాను. ధరలు రాయలేదు. ధర తెలిస్తే ముక్కు మర్యాద చేస్తుంది. గ్లాసులో రెండు చెంచాలు పోసి కాసేపు వదిలెయ్యి. ముక్కు గ్లాసులో దూర్చకు, ఘాటుకి కళ్లు మండుతాయి. నోరు కాస్త తెరిచి, గ్లాసు అంచు మీద నుంచి నెమ్మదిగా చూడు. తర్వాత రెండు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ చూడు, దాక్కున్నవి బయటికి వస్తాయి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య నీ మోచేతి మడత వాసన చూసుకో. మన ఒంటి వాసనే ముక్కుకి విశ్రాంతి.

ఏ మాట తోస్తే అదే రాయి. గొప్ప మాటల కోసం వెతకకు.

ఫణి


నాగారం,
భాద్రపదమాసం, వినాయకుడి నిమజ్జనం అయ్యాక.

ఫణీ,

సిద్దమ్మ కట్టల కింద గోనెలో పెట్టి సీసాలు తెచ్చింది. "పైలంగ తేవాలన్నడు మీ తమ్ముడు. బస్సుల పగిలితే ఏమైతుండె? నా తోటకూర, నేను, కండక్టరు అందరం తూలుకుంట దిగుదుము" అంది. "ఏం జేస్తవమ్మా గివి?" అని అడిగింది. "వాసన చూస్తాను సిద్దమ్మా" అన్నాను. "ఉత్త వాసనా? మా ఆయన గిట్ల వాసనతోనే ఆగితె నాకు సొంత ఇల్లు లేస్తుండె" అంది.

మీ బావగారు ఆఫీసుకి వెళ్లాక మేడ మీదికి వెళ్లాను. తులసికోటకి దూరంగా, నీళ్ల ట్యాంకు నీడలో పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి గ్లాసు ఎత్తేటప్పుడు చెయ్యి దానంతట అదే పైట చెంగు అందుకుంది, ముక్కుకి కట్టుకోవడానికి. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

ఇక విను.

మొదటి జిన్ను: ధనియాలు, యాలకులు, నిమ్మ, పువ్వులు, ఇంకేమేమో. అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. పేరంటానికి వచ్చినవాళ్లందరూ ఒకేసారి మాట్లాడినట్టుంది. ఎవరు ఏం చెబుతున్నారో తెలియలేదు. రెండో జిన్ను: ముందు నిమ్మతొక్క గోటితో గిల్లినట్టు. అది పక్కకి తప్పుకున్నాక వేయించని ధనియం. ఆ తర్వాత చల్లగా, పచ్చకర్పూరానికి చుట్టం లాంటిది ఒకటి. ఒకరి మాట అయ్యాక ఒకరు. నాకు రెండోదే నచ్చింది. మీ జునిపర్ కాయ అదేనేమో.

మొదటి బర్బన్: శామీర్‌పేట్ చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకి బొగ్గుల మీద నుంచి తీసి, ఇంకా నిమ్మకాయ రుద్దకముందు ఎలా ఉంటుందో అలా. వెనకాల బెల్లంపాకం, ముదిరి అడుగంటబోయే క్షణం. ఇంకా వెనకాల కొత్త చెక్క బీరువా తలుపు తీసినట్టు. చాలాసేపు ఉంది. రెండో బర్బన్ కూడా అలాగే మొదలైంది. కంకి ఉంది, పాకం ఉంది, బీరువా లేదు. తొందరగా వెళ్లిపోయింది. మొదటిదే ఖరీదైనదని నా ఊహ. ఆ బీరువా కోసం ఎంత అడుగుతున్నారో నాకు తెలియదు. చాలా ఎక్కువైతే నేను మటుకు రెండోదే కొంటాను.

రమ్ముల్లో మొదటిది, ఎర్రది. ఫణీ, అది అమ్మ! సంక్రాంతి ముందు రోజు అరిసెల పాకం పట్టేటప్పుడు మన వంటిల్లు. బెల్లం, నెయ్యి, యాలకులు. గ్లాసు కింద పెట్టలేకపోయాను. రెండోది, నల్లది, మొరటుగా ఉంది. చెరుకు మడ్డి, తడిసిన గోనెసంచి, మాగిన అరటిపండు. నీ అరటిపండు ఉంది, కాకపోతే వేరే గ్లాసులో. రమ్ముల్లో మొదటిదే రాయి. సందేహం లేదు.

తర్వాత తలకి పోసుకుని మడి చీర కట్టుకున్నాను.

అక్క


లాల్‌గడి మలక్‌పేట్,
సెప్టెంబరు చివర.

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ ఒక్కొక్క గ్లాసు నోట్లో పోసుకున్నాను. నువ్వు రాసినవి నా తలలో ఉన్నాయి, మంట, తీపి నా నాలుక మీద ఉన్నాయి. చాలా నెలల తర్వాత రుచి అనేది ఒకటి తెలిసింది. తేజస్విని పిలిచి ఆ కంకి మాట చదివి వినిపించాను.

జిన్ను నువ్వు చెప్పింది చెప్పినట్టే. అత్తరుబుడ్డిలో ఉన్నదే ఆ పేరంటం. రెండోది దాని ధరలో సగం కూడా లేదు. బర్బన్ కూడా నీ లెక్కే సరి. మొదటిది ఓడెక్కి వచ్చి, పన్నులు కట్టి, బజారులో పడేసరికి బీరువా ఖరీదు నిజంగానే బీరువా అంత అయింది.

రమ్ము దగ్గర మాత్రం నా నాలుక ఒప్పుకోవడం లేదు. నీకు అమ్మ వాసన వచ్చిన ఎర్రది నోట్లో పోసుకుంటే ఏమీ లేదు. నీళ్లలా జారి, నాలుకని గీరుకుని పోయింది. ఆ తర్వాత పిప్పరమెంటు చప్పరించినట్టు ఉత్త తీపి మిగిలింది. నల్లది నిదానంగా పరుచుకుంది, చివరిదాకా నిలబడింది. నువ్వు తప్పు చెప్పావని కాదు. ఒక పరీక్ష ఉంది. రెండు గ్లాసులూ ఒంపేసి, కడక్కుండా ఒక రాత్రి వదిలెయ్యి. పొద్దున్నే ఖాళీ గ్లాసు వాసన చూడు. ఘాటు ఎగిరిపోయాక మిగిలేదే దాని అసలు గుణం.

ఫణి


నాగారం,
ఆశ్వయుజమాసం.

ఫణీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున ఎర్ర రమ్ము గ్లాసులో తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ వాసన వచ్చింది. అమ్మ లేదు, అరిసెలు లేవు. ఎవరో సీసాలో నుంచి ఎసెన్సు చుక్కలు వేశారు. నల్లదానిలో బెల్లం ఉంది, చెక్క ఉంది, ఎండబెట్టిన గోనె ఉంది.

నాకు ఎంత రోషం వచ్చిందో! అమ్మ పేరు చెప్పుకుని ఇంట్లోకి వచ్చి మోసం చేసింది. ముక్కు ఒక్కటే ఉంటే ఇలాగే మోసపోతారు. నువ్వు నాలుకతో పట్టుకున్నావు. నల్లదే రాయి.

అక్క


లాల్‌గడి మలక్‌పేట్,
అక్టోబరు, దసరా వెళ్లాక.

అక్కా,

నీకు రాయాలనుకున్న ఉత్తరం వేరు. ధర్మేందర్ గారికి మన మాటలు బాగా నచ్చాయని, నల్ల రమ్ము లాంటిదే చేద్దామన్నారని, వచ్చే ఏడాది కొత్త సరుకంతా నా ముక్కు మీదే నడుస్తుందన్నారని సంబరంగా రాద్దామనుకున్నాను. కాగితం తీసుకుని కూర్చుంటే సిద్దమ్మ వచ్చింది.

"ఏం సారూ, మీ అక్క గుళ్లె వండుడు బంద్ వెట్టింది, నీకెర్కేనా?" అంది.

"ఎందుకు? ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"ఒంట్లె మంచిగనే ఉంది. గుడికి కూరగాయలు నేనే ఇస్త గద, శనివారం శనివారం సూస్త. బయట అరుగు మీద కూసొని కూరగాయలు కోస్తది. లోపలికి పోదు. నేనడిగిన. 'ముక్కు మైల పడ్డది సిద్దమ్మా, కొన్ని దినాలు' అన్నది. అంత నెమ్మదిగ జెప్పింది, నాకే కండ్లల్ల నీళ్లొచ్చె. గా సీసలు నేనే మోసుకపోతి గదా!"

అక్కా, నాకెందుకు చెప్పలేదు? పెళ్లయినప్పటి నుంచి పట్టుకున్నదాన్ని నా కుర్చీ కోసం వదిలేశావు. నేనేమో నీ కంకి మాట చదువుకుని సంబరపడుతున్నాను.

మర్నాడే ధర్మేందర్ గారి గదికి వెళ్లాను.

"కూసో ఫణి సాబ్, ఏంది మొఖం గట్ల పెట్టినవ్?" అన్నారు. ఉన్నదంతా చెప్పాను. ఆయన లేచి, అటక మీది ఫినాయిల్ డబ్బా తీసి, మూత విప్పి నా ముక్కు కింద పెట్టారు. "గిదన్న వస్తదా?" రాదన్నాను. "అరె యార్..." అని కూలబడ్డారు. "మరి గదంత రాసిందెవరు? కంకి మీద నిమ్మకాయ రుద్దకముందు అని రాసినవ్ సూడు, అది సదివి చెరువు కట్టకు పొయ్యి కంకి తిని వచ్చిన నేను."

"మా అక్కండి."

"తాగుతదా?"

"లేదండి. వెంకటేశ్వరస్వామికి ప్రసాదం వండుతుంది. దీనికోసం వండడం మానేసింది."

నవ్వబోయి ఆగిపోయారు. "ఇగ గా అమ్మకు సీసలు పంపకు సాబ్. గా పాపం నా మెడకు సుట్టుకుంటది" అన్నారు. "ఎండకాలమే చెప్పి ఉంటివంటె బాగుండు. అరటిపండు అన్ననాడే నాకు డౌటొచ్చింది. ముక్కు లేనోన్ని ఆ కుర్చీల కూసోవెట్టలేను, నువ్వే సోంచాయించు. ల్యాబ్‌ల వర్ష ఉన్నది గద, ఆ పిల్లకిస్త. నువ్వు పక్కపొంటి నిలబడి నేర్పు. నీ నాలిక పని చేస్తది గద, అది నాకు కావాలె. జీతం మటుకు తక్కువైతది."

కుర్చీ పోయింది అక్కా. పని ఉంది. వర్ష మంచి పిల్ల. మొదటి రోజు ముక్కు గ్లాసులో దూర్చి దగ్గింది. మోచేతి మడత సంగతి చెప్పాను.

వింతేమిటంటే, నిన్న రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తేజస్వి లేపాల్సి వచ్చింది.

దయచేసి మళ్లీ స్వామికి వండు. నన్ను క్షమించు.

ఫణి


నాగారం,
కార్తీకమాసం.

ఫణీ,

క్షమించడానికి ఏముందిరా? నువ్వు వండొద్దనలేదు, గుడిలో పూజ చేసే ఆచార్యులుగారూ వండొద్దనలేదు. నేనే మానుకున్నాను. వాసన సగం భోజనమని నైవేద్యం విషయంలో నమ్మినదాన్ని, సారా విషయంలో నమ్మనంటే ఎలా? నాకు అవసరమైనప్పుడు ఒకలా, అవసరం లేనప్పుడు ఒకలా ఉంటే అది మడి ఎలా అవుతుంది? నీకు చెబితే సీసాలు పంపవు. అందుకే చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పలేదు. మీ బావగారికి మొదటి రోజే చెప్పాను. ఆయనకు దాచి ఒక పని చేయడం నాకు చేతకాదు. "తాగుతావా?" అన్నారు. "వాసనే" అన్నాను. "మరి గుడి?" అన్నారు. "మానేస్తాను" అన్నాను. ఆ పూట సగం అన్నం వదిలేసి లేచిపోయారు. మర్నాడు సాయంత్రం దూలపల్లి ఆఫీసు నుంచి వస్తూ కాగితంలో చుట్టిన చిన్న గాజు గ్లాసులు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. "ఇంట్లో గ్లాసులు ముట్టుకోకు" అన్నారు. అంతే. దాని గురించి మళ్లీ మాట లేదు. ఆ మనిషి అంతేనని నీకు తెలుసు కదా.

నీ కుర్చీ పోయినందుకు నాకు బాధగా ఉంది. అబద్ధం చెప్పనవసరం లేదు, చాలా బాధగా ఉంది. కాని నువ్వు ఒళ్లు తెలియకుండా నిద్రపోయావన్న చోట ఉత్తరం కళ్లకద్దుకున్నాను.

ఆచార్యులుగారిని అడిగాను. "తలస్నానం చేసి రండమ్మా. ఇన్ని వారాలూ స్వామి ఇంకొకరి చేతి ఉప్పు తిన్నాడు" అన్నారు. కార్తీకం వచ్చేదాకా ఆగి, మొన్న శనివారం వెళ్లాను. పైట చెంగు బిగించుకుని చక్కెర పొంగలి వండాను. నివేదన అయింది, గంట కొట్టారు, హారతి ఇచ్చారు. అందరికీ పంచాక నా దొన్నె తీసుకుని ఆవరణలో కూర్చున్నాను. అప్పటికి అది ప్రసాదం. స్వామి తిన్నాక మిగిలింది మనదే, వాసన కూడా.

అందుకని నీకోసం చూశాను. నువ్వు నేర్పినట్టే, నోరు కాస్త తెరిచి, నెమ్మదిగా. ముందు నెయ్యి వచ్చింది, దానితోబాటు ఎర్రగా వేగిన జీడిపప్పు. అది తగ్గాక పచ్చకర్పూరం, ముక్కు పైభాగంలో చల్లగా. తర్వాత యాలకి, దూరంగా. అడుగున పెసరపప్పు వేయించిన వాసన. మట్టిమీద మొదటి చినుకు పడినట్టు, కాస్త వెచ్చగా. అది చివరిదాకా కదలలేదు. ఇన్నేళ్లుగా నేను వండుతున్న పొంగలికి ఇంత కథ ఉందని నాకే తెలియదు.

ఇక్కడిదాకా రాసేసరికి మీ బావగారు ఆఫీసు నుంచి వచ్చారు. ఏం రాస్తున్నావన్నారు. పొంగలి గురించి రాసింది చదివి వినిపించాను. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి విన్నారు.

"ఆ వాసన అంతా కాగితం మీద పెడితే వాడికేం తెలుస్తుంది? చల్లారిపోదూ?" అన్నారు. "వచ్చే శనివారం గుడికి రమ్మను. పక్కన కూర్చోబెట్టుకుని, వాడు తింటుంటే చెప్పు."

"మాట్లాడమంటారా?" అన్నాను.

చెప్పులు విప్పి గోడవార పెట్టారు.

"వాసన వరకు" అన్నారు.

తేజస్విని కూడా తీసుకురా.

అక్క